నోటిలోని తెల్లమచ్చ, లేజర్ చికిత్స: తెలుగు వైద్యపరిభాషపై ఒక పరిశీలన

తెలుగు సాహిత్యానికి చుట్టతో పాత పరిచయం ఉంది. 'కన్యాశుల్కం' (తొలి ముద్రణ 1897, తిరగరాసిన ప్రతి 1909) నాటకంలో గిరీశం దగ్గర తనకు అబ్బిన విద్య చుట్ట కాల్చడమేనని శిష్యుడు వెంకటేశమే ఎత్తిపొడుస్తాడు. అలవాటుకు ఇంత నుడికారం సమకూర్చిన భాష, ఆ అలవాటు నోటిలో మిగిల్చే మచ్చకు మాత్రం తగిన పేరు స్థిరపరచుకోలేదు. ఈ లోపం నిఘంటువుతో ఆగక చికిత్స దాకా వెళ్తున్నదని నా అభిప్రాయం.

పరిశీలనకు ఆధారం విజయవాడలో ఒక ఆసుపత్రివారి అంగీకారపత్రం. దివిసీమలో ఉండే మా పెదనాన్నగారికి బుగ్గ లోపల నొప్పిలేని తెల్లమచ్చ కనిపించింది. సంతకానికి ఇచ్చిన కాగితంలో 'క్యాన్సర్ పూర్వ పుండును లేజర్ ద్వారా నిర్మూలించుటకు' అని ఉంది. ఆయన చదివి, "అమ్మాయ్, నాకు పుండెక్కడుంది? ఈ కాగితం ఇంకెవరిదో చూడు" అన్నారు. పాఠకుడిగా ఆయన విమర్శ సరైనదే.

ఇంగ్లీషులో 'లీజన్' అంటే కణజాలంలో వచ్చిన ఏ మార్పైనా కావచ్చు. తెలుగులో 'పుండు' అనగానే రసి, సలుపు స్ఫురిస్తాయి. ల్యూకోప్లేకియా గీకినా పోని తెల్లమచ్చ. తొలిదశలో సాధారణంగా నొప్పి ఉండదు. పుండు కోసం వెతుక్కునేవాడు మచ్చను పట్టించుకోడు.

'పూర్వ' అనేది ఇంకా చిక్కైన మాట. పూర్వరంగం ముగిశాక నాటకం మొదలు కావలసిందే. కానీ ఈ మచ్చల్లో ఎక్కువభాగం క్యాన్సర్‌గా మారవు. ఇంగ్లీషు పరిభాష ఈ ఇబ్బందిని గుర్తించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1978 నిర్వచనాల్లోని 'ప్రీక్యాన్సరస్' అనే విశేషణానికి బదులు 'పొటెన్షియల్లీ మాలిగ్నెంట్' అనవలసిందిగా 2005 లండన్ సదస్సులోని నిపుణులు సూచించారు. మనం పాత అనువాదం దగ్గరే ఉన్నాం. 'క్యాన్సర్‌గా మారగల మచ్చ' అంటే చాలదా? 'గల' అనే సహాయక్రియ అవకాశాన్ని చెబుతుంది, అనివార్యతను చెప్పదు.

అన్నిటికంటే హాని చేసేది 'నిర్మూలన'. 1964లో బెల్ ప్రయోగశాలలో కుమార్ పటేల్ రూపొందించిన కార్బన్ డయాక్సైడ్ లేజర్ కాంతి తరంగదైర్ఘ్యం 10.6 మైక్రోమీటర్లు. కణజాలంలోని నీరు దాన్ని పీల్చుకొని ఆవిరవుతుంది. ఈ లేజర్‌తో మచ్చను కోసి తీయవచ్చు. పొరలుపొరలుగా ఆవిరి చేయనూవచ్చు. కోసి తీస్తే సూక్ష్మదర్శిని కింద చూడడానికి ముక్క మిగులుతుంది. ఆవిరి చేస్తే ఏమీ మిగలదు; అందుకే ముక్క పరీక్ష ముందే జరగాలి. ఈ భేదాన్ని 'నిర్మూలన' మింగేసింది. పైగా మచ్చ తిరిగి రావచ్చు. దాన్ని తీసినంత మాత్రాన క్యాన్సర్ ముప్పు తొలగిందని కాదు. మూలమైన పొగాకు, వక్క చేతిలోనే ఉండగా నిర్మూలన ఎక్కడిది? మా పెదనాన్నగారు ఆరునెలల తరువాతి పరీక్షకు వెళ్లలేదు. అడిగితే, "నిర్మూలించారు కదమ్మా" అన్నారు.

వైద్యవిషయాలకు తెలుగు చాలదనే వాదన నాకు సమ్మతం కాదు. ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా స్త్రీలు, నిప్పు ఉన్న కొసను నోటిలో పెట్టుకొని చుట్ట కాలుస్తారు. దానికి వారి వాడుక మాట 'అడ్డపొగ'. శ్రీకాకుళం ప్రాంతంలో 10,169 మంది గ్రామీణుల అంగిళ్లను పరిశీలించి పిండ్‌బోర్గ్, మెహతా తదితరులు 1971లో ప్రచురించిన అధ్యయనం ప్రసిద్ధం. దాని శీర్షికలో 'రివర్స్ స్మోకింగ్' అని రెండు పదాల్లో చెప్పినదాన్ని ఈ పల్లెమాట ఒక్క సమాసంలో చెబుతుంది. అంగీకారపత్రం రాసినవారు ఆ వైపు చెవి పెట్టలేదు, అంతే.

వైద్యులు సరిచూడవలసిందే గాని, కోసి తీసే సందర్భంలో ఆ వాక్యం ఇలా ఉండవచ్చు: 'నా బుగ్గ లోపలి తెల్లమచ్చ క్యాన్సర్‌గా మారగలదు, మారకపోవచ్చు. దాన్ని లేజర్‌తో కోసి తీసి, ముక్కను పరీక్షకు పంపుతారు. మచ్చ మళ్లీ రావచ్చు గనుక చెప్పిన తేదీలకు వచ్చి చూపించుకోవాలి, చుట్ట మానాలి.'