కమ్మీ మీద చెయ్యి

బ్యాలేలో బెరుకును దాచుకోవడం ఎంత కష్టమో తెలియాలంటే ‘స్లీపింగ్ బ్యూటీ’లోని రోజ్ అదాజియో ఘట్టం చూడాలి. చైకోవ్‌స్కీ సంగీతానికి మారియస్ పెటిపా కూర్చిన ఈ బ్యాలే 1890లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో తొలిసారి రంగస్థలమెక్కింది. రాకుమారి అరోరా ఒంటికాలి మునివేళ్ల మీద నిలుస్తుంది. రెండో కాలు వెనక గాలిలో వంపు తిరిగి ఉంటుంది. నలుగురు రాకుమారులు వంతులవారీగా చెయ్యి అందిస్తారు. ఒకరి చెయ్యి వదిలి మరొకరిది అందుకునేలోపు ఆమె చెయ్యి తలపైకి లేవాలి, ఏ ఆసరా లేకుండా నిలవాలి. పాదం ఎంత నిబ్బరంగా ఉన్నా లోపలి అదురు ఆ వేళ్లలోకి వచ్చేస్తుంది. చివరి వరసలో కూర్చున్నవాళ్లకు కూడా అది కనిపిస్తుంది. 1949 అక్టోబర్‌లో న్యూయార్క్ మెట్రపాలిటన్ ఒపెరా హౌస్‌లో మార్గో ఫాంటేన్ అరోరాగా నిలబడిన తీరుకు అమెరికా దాసోహమంది. ఆ నిలకడను ఎన్నిసార్లు పొగిడినా నాకు తనివి తీరదు.

అంతటి నర్తకీమణులకే పరీక్ష పెట్టే కళలో ముప్పై అయిదేళ్లకో, యాభై దాటాకో అడుగుపెట్టినవాళ్ల చేతులు వణికితే వింతేముంది? మన ఇళ్లలో నాట్యమంటే చిన్నప్పుడు మొదలుపెట్టి, చదువులు ముదిరాకో పెళ్లయ్యాకో ఆపేసేది. పెద్దయ్యాక మొదలుపెట్టేవాళ్లను ‘ఇప్పుడెందుకమ్మా’ అంటారు. ఆ మాటను మోసుకుంటూనే వాళ్లు తరగతికి వస్తారు.

వాళ్ల భయం ముందుగా బయటపడేది కమ్మీ దగ్గర. గోడవెంట నడుమెత్తున బిగించిన ఆ కర్ర కమ్మీ దగ్గరే బ్యాలేలో ప్రతి తరగతీ మొదలవుతుంది. భయపడ్డ చెయ్యి దాన్ని కిక్కిరిసిన బస్సులో కడ్డీ పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. బొటనవేలు కింది నుంచి చుట్టేస్తుంది, కణుపులు తెల్లబడతాయి, భుజం చెవి దాకా లేస్తుంది. గది మధ్యలో వేసే కదిలే కమ్మీ అయితే ఆ వణుకు దాని పొడవునా పాకి అవతలి చివరివాళ్లకూ తెలిసిపోతుంది.

మంచి గురువు ఇక్కడ ధైర్యవచనాలు చెప్పరు. దగ్గరికి వచ్చి, ఆ బొటనవేలిని తీసి మిగతా వేళ్ల పక్కన, కమ్మీ పైన ఉంచుతారు. చేతిని ఒంటికి కాస్త ముందుకు జరుపుతారు. ఇక గట్టిగా పట్టుకోవడానికి వీలుండదు, బరువు కాలి మీదికే దిగాలి. పాదం మూడు చోట్ల నేలకు ఆనాలి: బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు, మడమ. కాలివేళ్లు నేలను గిల్లుతున్నంతసేపూ పిక్క వణుకుతూనే ఉంటుంది. వేళ్లు బారుగా చాచగానే ఆ వణుకు చాలావరకు సర్దుకుంటుంది. ఇంత చిన్న సవరణలో ఎంత విద్య ఉందో చూడండి!

తర్వాత ఊపిరి. బెదిరినవాళ్లు దాన్ని బిగబడతారు, పెదవి కొరుకుతారు, చూపు నేలకు దించుతారు. మొదటి అభ్యాసం ప్లియే, అంటే మోకాళ్లు పక్కలకు తెరుచుకుంటూ మెల్లగా వంగడం. దానికి ముందు సంగీతంలో చిన్న ఆరంభం ఉంటుంది. చెయ్యి కాస్త లేచి పక్కకు తెరుచుకుంటుంది. ఆ తెరుచుకోవడంతోనే ఊపిరి తీసుకోవాలి, చూపు ఆ చేతి వెంట పోవాలి. ఆ కాసేపూ అద్దంలో తన ముఖం చూసుకుని కుంగిపోవడానికి కళ్లకు తీరిక దొరకదు. ఒళ్లు వేడెక్కించడానికే ప్లియే అనుకుంటారు చాలామంది. దడదడలాడే గుండెను దారికి తెచ్చే పని కూడా అదే చేస్తుంది.

ఇక బ్యాలే నేర్పే పద్ధతుల్లో నా మొగ్గు ఎటో దాచుకోను. నేను ఎన్రికో చెకెత్తి పక్షం. 1890 నాటి ఆ తొలి ప్రదర్శనలోనే, 39 ఏళ్ల వయసులో, ఆయన కారబోస్ అనే దుష్ట మంత్రకన్యగా అభినయించాడు. అదే బ్యాలేలో బ్లూబర్డ్‌గా గాలిలోకి ఎగిరాడు. అన్నా పావ్లోవా అంతటి తార ఆయన దగ్గర విడిగా పాఠాలు చెప్పించుకుంది. రోమ్‌లో ఒక నాటకశాల దుస్తుల గదిలో పుట్టాడనీ, 1928లో మిలాన్‌లో పాఠం చెబుతూనే కుప్పకూలాడనీ అంటారు. ఆయన పద్ధతిలో సోమవారం నుంచి శనివారం దాకా ఏ రోజు అభ్యాసాలు ఆ రోజుకే నిర్ణయించి ఉంటాయి. చేతుల కదలికలైన పోర్ ద బ్రాలు ఎనిమిది, వాటికీ వరుస ఉంది. పెద్దవాళ్ల కంగారులో సగం ‘తర్వాత ఏం చేయాలి’ అన్నదే కదా! వరుస ఒంటికి పట్టాక ఆ కంగారు నిలవదు. రష్యన్ బ్యాలే గురువు వగానొవా శిష్యపరంపర మీద నాకు గౌరవం ఉంది. ఆమె 1934లో రాసిన గ్రంథం ఈనాటికీ ప్రమాణమే. అయినా నడివయసులో వచ్చినవాళ్లకు చెకెత్తి మార్గమే చల్లనిదని గట్టిగా నమ్ముతాను.

తరగతిలో మరో ముచ్చటైన అలవాటు ఉంది. గురువు వరుస చూపిస్తుంటే ఆరితేరిన నర్తకులు కాళ్లు చేయాల్సిన పనిని అరచేతులతో చేసి చూసుకుంటారు. చేతులే పాదాలై ఒకదాన్నొకటి దాటుతుంటాయి. కొత్తవాళ్లు సిగ్గుపడి ఊరికే నిలబడతారు. సిగ్గు పక్కనపెట్టి వేళ్లు కదిపితే వరుస గుర్తుంటుంది, వణికే చేతికీ ఒక పని దొరుకుతుంది. కమ్మీ చివర నక్కడం కూడా మానాలి. ఎడమవైపుకు తిరిగేసరికి ఆ చివరివాళ్లే అందరికంటే ముందుంటారు. మధ్యలో నిలబడితే ఎటు తిరిగినా ముందొకరు కనిపిస్తారు.

వయసు మించిపోయిందనేవాళ్లకు రుక్మిణీదేవి అరండేల్‌ను గుర్తు చేస్తాను. 1904లో పుట్టిన ఆమె ఇరవైల నడిమిలో పావ్లోవాను కలిసి, ఆ బృందంలోని క్లియో నోర్ది దగ్గర బ్యాలే నేర్చుకున్నారు. మీ దేశపు నాట్యాన్ని వెతుక్కోమన్న పావ్లోవా ప్రోత్సాహంతో భరతనాట్యం వైపు మళ్లారు. 1935లో అడయారులో సభ ముందు నిలిచేనాటికి ఆమెకు 31 ఏళ్లు. లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ డాన్స్ 2017 నుంచి ‘సిల్వర్ స్వాన్స్’ పేరుతో 55 దాటినవాళ్లకు తరగతులు నడిపిస్తోంది. ఆ పనికి చేతులెత్తి మొక్కాలి.

కానీ ఇప్పుడు పెద్దవాళ్ల బ్యాలే పేరుతో చాలాచోట్ల జరుగుతున్నది చూస్తే కడుపు రగిలిపోతుంది. కమ్మీ పట్టుకుని హోరెత్తే పాటకు పిరుదులు ఊపించి దాన్ని బ్యాలే వ్యాయామం అంటున్నారు. అందులో ప్లియే ఉంటుంది, ఊపిరి ఉండదు. చెయ్యి ఉంటుంది, చూపు దాని వెంట వెళ్లదు. పియానో వాయించేవారిని ఖర్చని మాన్పించేశారు. నర్తకి నిలదొక్కుకునేదాకా ఒక స్వరాన్ని కాసింత సాగదీసే ఆ మనిషి స్థానంలో ఎవరికోసమూ ఆగని యంత్రం వచ్చింది. పాఠం చివర గురువుకూ సంగీతకారుడికీ వంగి నమస్కరించే రెవరాన్స్‌ను టైమ్ లేదని ఎత్తేశారు. అంతా ముగిశాక తలెత్తి, ఎదుటివాళ్ల కళ్లలోకి చూసే క్షణమది. బెరుకు మనిషికి దాన్ని మించిన సాధన లేదు. దాన్నే తీసేస్తే ఎలా?

అన్నిటికంటే ఘోరం, మునివేళ్ల మీద నిలవడానికి వేసుకునే పాయింట్ షూస్ వ్యాపారం. కాగితం, గుడ్డ, జిగురు పొరలతో చేతిపని మీద తయారయ్యే ఆ బూటును పాదానికి తొడిగి చూసి, చీలమండ బలం పరీక్షించి ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో సైజు నొక్కితే ఇంటికొచ్చే చవక నకళ్లు వేసుకుని, గురువు ముందు ఒక్క ప్లియే కూడా చేయనివాళ్లు వంటగదిలో మునివేళ్ల మీదికి లేస్తున్నారు. చీలమండ మెలిపడి మంచాన పడితే మళ్లీ కమ్మీ దగ్గరికి వచ్చే ధైర్యం మిగులుతుందా?

నేర్పేవాళ్లను వేడుకుంటున్నాను: పెద్దవాళ్లు కదా అని పాఠం పలచన చేయకండి. చెయ్యి ఎలా ఉంచాలో చెప్పండి, రెవరాన్స్ మిగల్చండి. నేర్చుకోబోయేవాళ్లు డబ్బు కట్టేముందు ఒక తరగతి పక్కన కూర్చుని చూడనివ్వమని అడగండి. గురువు కమ్మీ వెంట నడుస్తూ ఒక్కొక్కరి దగ్గర ఆగుతున్నారా, చూపు ఎటుండాలో చెబుతున్నారా, మెత్తటి బూట్లతోనే మొదలుపెట్టమంటున్నారా గమనించండి. అవేవీ లేకపోతే లేచి వచ్చేయండి, మరో గురువును వెతుక్కోండి.