జొన్న పాస్తా, గిర్ని పిండి

ఈ వారం నన్ను సంతోషపెట్టిన సంగతి ఒకటుంది. మా మందమర్రిలో, మా వాడకట్టులోనే ఒక పాపకు సీలియాక్ జబ్బని, గోధుమ ముట్టొద్దని డాక్టరు తేల్చారు. అప్పటినుంచి చపాతీ, సేమ్యా, బిస్కెట్, పుట్టినరోజు కేకు అన్నీ బంద్. ఆ పిల్ల మొన్న దోస్తుల నడుమ కూర్చొని చీజ్ పాస్తా కడుపునిండా తిన్నది. అది జొన్న పాస్తా. వండింది వాళ్ల నానమ్మ.

గోధుమ పాస్తాను విరగకుండా పట్టి ఉంచేది, ఈ పాపకు పడనిదీ గ్లూటెనే. జొన్నలో అది లేదు కాబట్టి కాస్త ఎక్కువ ఉడికితే ముద్దవుతుంది. అందుకే నానమ్మ పలుకుండగానే వార్చి, ఆ గంజినీళ్లు పక్కన పెట్టుకున్నది. మూకుడులో వెన్న, ఎల్లిపాయ వేసి, మైదాకు బదులు బియ్యప్పిండి కలిపిన పాలు పోసింది. చిక్కబడ్డాక పొయ్యి ఆపి, అప్పుడే చీజ్ తురిమి వేసింది. మరిగేటప్పుడు వేస్తే చీజ్ పలుకులుగా విరుగుతుంది. గట్టిపడిన చోట గంజినీళ్లు, పైన మిరియాల పొడి. పావుగంట పని.

జొన్నరొట్టె చేసే చేతికి ఇది కొత్త విద్య కాదు. రొట్టెపిండిని ఉడుకునీళ్లతో తడిపేది ఇందుకే: గ్లూటెన్ లేని పిండికి వేడి తగిలితే దానిలోని గంజే జిగురవుతుంది.

జొన్న మాట వస్తే నేను జొన్నరవ్వతో వండే గట్క దగ్గరికి పోకుండా ఉండలేను. అమ్మ జొన్నలు తడిపి దంచి, పొట్టు చెరిగి, ఇసుర్రాయి మీద రవ్వ విసిరేది. ఎసట్ల పోసి తెడ్డుతో కలుపుతుంటే ఇల్లంతా ఆ వాసనే. మొదటి షిఫ్టుకు బొగ్గుబాయికి పోయే ముందు బాపు రాత్రి గట్కలో మజ్జిగ పోసుకొని, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తినేవాడు. మధ్యాహ్నం దాకా ఆకలనేవాడు కాదు.

అంత మంచి తిండి ఉండగా ప్యాకెట్ పాస్తా ఎందుకు? పదిమంది పిల్లల్లో ఒక్క పిల్ల వేరే గిన్నె పట్టుకొని కూర్చోవడం చిన్న బాధ కాదు, అందుకు. ఇంకో కారణం దానికంటే పెద్దది. ఇసుర్రాయి పోయింది. ఇప్పుడు మన జొన్నపిండి గిర్నీలో పడుతోంది. అంతకుముందు పట్టిన గోధుమపిండి రాళ్ల సందుల్లో మిగిలి ఇందులో కలుస్తుంది. గ్లూటెన్ ఫ్రీ అని అచ్చు వేయాలంటే గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాములు దాటొద్దని మన దేశపు ఆహార నిబంధన. ఆ అచ్చున్న పాస్తా ఈ పాపకు మన గిర్ని రొట్టె కంటే క్షేమం. జొన్న పాస్తా అని మాత్రమే ఉంటే చాలదు, కొన్నింటిలో గోధుమరవ్వ కలుపుతారు. ప్యాకెట్ వెనక చదవండి. ఇంగువ డబ్బా కూడా చదవండి, చాలావాటిలో గోధుమపిండో మైదానో ఉంటుంది.

గిర్నీలు నడిపే అన్నలకు నా మనవి ఒకటే. రెండు గిర్నీలున్నవాళ్లు ఒకదాంట్లో జొన్నలు, బియ్యం, మక్కలే పట్టండి. గోధుమ పట్టబడదని బయట బోర్డు పెట్టండి. అప్పుడు ఆ పాప పాస్తాతో పాటు నానమ్మ చేతి జొన్నరొట్టె కూడా భయం లేకుండా తింటుంది.