అడిగి ముట్టుకునే చేతులు

వృద్ధాశ్రమంలో మంచి ఆయా పనితనం చూడాలంటే పొద్దున స్నానాల వేళకి వెళ్లాలి. వస్తూనే దుప్పటి లాగేయదు. ఒక పెద్దాయన మంచం పక్కన స్టూలు వేసుకుని, ఆయన కళ్లకి ఎదురుగా కూర్చుని, "మాస్టారూ, స్నానం ఇప్పుడా, కాఫీ తాగాకా?" అని అడుగుతుంది. రిటైరై ఎన్నేళ్లయినా ఆయన ఆవిడకి మాస్టారే. పక్షవాతం వచ్చిన చేతికి చొక్కా ముందు తొడుగుతుంది. విప్పేటప్పుడు బాగున్న చేతి నుంచి మొదలుపెడుతుంది. అలాగైతే భుజం గుంజదు. ఎంత ఆలస్యమైనా సరే, ఆయన పెట్టుకోగలిగిన గుండీలు ఆయన్నే పెట్టుకోనిస్తుంది. అన్నం మెత్తగా కలిపి, నిటారుగా కూర్చోబెట్టి, ఒక ముద్ద మింగారని చూశాకే రెండోది అందిస్తుంది. తిన్న వెంటనే పడుకోనివ్వదు. పక్క గదిలో మామ్మగారికి మతిమరుపు. ఎప్పుడో పోయిన భర్త కోసం సాయంత్రమైతే గుమ్మంకేసి చూస్తారు. ఆయన లేరని చెప్పి ఆ దుఃఖాన్ని రోజూ కొత్తగా తెచ్చిపెట్టదు. "తాతగారికి ఏ కూర ఇష్టం మామ్మగారూ?" అంటూ కబుర్లలోకి దింపుతుంది. ఒంట్లో సత్తువ తగ్గినా, ఏ చీర కట్టాలో, ఎప్పుడు పడుకోవాలో తేల్చే పెద్దరికం అక్కడివాళ్లకి ఇంకా మిగిలుందంటే, అది ఈవిడ చలవే.