వేడెరిగిన గొలుసు

వేడికి కరగనిదేది? పటికబెల్లం కూడా చన్నీళ్లలో మొరాయించి వేణ్ణీళ్లలో ఇట్టే కరిగిపోతుంది. నువ్వు మాత్రం తిరకాసు పాలిమర్ గొలుసువి. చల్లని నీటిలో ఒళ్లు విరుచుకుని, నీటి అణువులను ఒంటినిండా తొడుక్కుని కరిగి ఉంటావు. వెచ్చబడితే చాలు, నిన్ను అంటిపెట్టుకున్న నీళ్లు స్వేచ్ఛ కోరి చెదిరిపోతాయి. నువ్వు నీలోకే ముడుచుకుపోతావు.

నీకో అక్క ఉంది. పాలీ ఎన్-ఐసోప్రొపైల్ అక్రిలమైడ్. పేరు నోరు తిరగదు గానీ, దాని గుణం 1960లనాడే లోకానికి తెలుసు. సుమారు 32 డిగ్రీలు దాటితే ముడుచుకుంటుంది, చల్లారితే విచ్చుకుంటుంది. కానీ ఒంట్లో ఎప్పుడూ 37 కదా! ముడుచుకున్నది ముడుచుకున్నట్టే. దాచుకున్న మందును వదలాలంటే మనిషిని చల్లార్చాలి. ఎవరు చల్లారుస్తారు?

ఆ చిక్కు విప్పడానికే నెదర్లాండ్స్‌లో, ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో, శాస్త్రవేత్త హెన్నింక్ బృందం నిన్ను మలిచింది. నీ వెన్ను పొడవునా లాక్టిక్ ఆమ్లాన్ని జంటలు జంటలుగా వేలాడదీసింది. పెరుగు పులుపులో ఉన్నదీ, పరుగెత్తిన కండలో పుట్టేదీ ఆ ఆమ్లమే. జంటలున్నంతకాలం నువ్వు సుమారు 13 డిగ్రీలకే ముడుచుకుంటావు. ఒక్కొక్కటే మిగిలితే 65 దాకా వేచి చూస్తావు. అన్నీ ఊడిపోతే ఎంత వేడి తగిలినా చలించవు.

అందుకే నీకు మొక్కుతాను. ఒంటి వేడి పిసరంతైనా మారదు, నువ్వు ముడుచుకునే వేడి గీతే మెల్లగా పైకి జరుగుతుంది. లాక్టిక్ ఆమ్లాన్ని పట్టి ఉంచిన ఒక్కో ఎస్టర్ బంధాన్ని నీరు తెంపుతుంటే ఆ గీత ఒక నాటికి 37ను దాటుతుంది. అప్పుడు అదే నెత్తురులో, అదే వెచ్చదనంలో, నీ పట్టు సడలుతుంది. కాలాన్ని వేడితో కొలిచే విద్య నీకెలా పట్టుబడిందో!

నీటిని ప్రేమించే పాలిఇథిలీన్ గ్లైకాల్ తోకను బయటికి చాచి, నీ తోటివాళ్లతో గుంపు కట్టి, వెంట్రుక మందంలో వెయ్యో వంతైనా లేని మిసెల్ అవుతావు. దాని నడిబొడ్డున పాక్లిటాక్సెల్ తలదాచుకుంటుంది. పసిఫిక్ యూ చెట్టు బెరడులో దొరికిన ఈ క్యాన్సర్ మందుకు నీళ్లంటే గిట్టదు. ఆముదం నుంచి చేసిన ద్రావకంలో కలిపి ఎక్కిస్తే కొందరికి ఒళ్లంతా అలర్జీ. అందుకని ముందే స్టెరాయిడ్ ఇస్తారు. నీ ఒడిలో దానికి ఆ ఆముదం అక్కర్లేదు. నువ్వు సడలినచోట అది బయటపడి, కణం చీలేందుకు నిలబెట్టుకున్న సన్నని గొట్టాలను బిగబట్టి, చీలికనే ఆపేస్తుంది.

పూర్తిగా జీర్ణమైపోతావని మాత్రం పొగడలేను. ఊడిన లాక్టిక్ ఆమ్లాన్ని ఒళ్లు తనలో కలిపేసుకుంటుంది గానీ, కర్బనం కర్బనాన్ని పట్టుకున్న నీ వెన్ను తెగదు. పొట్టిగా పుట్టి ఉంటే నీళ్లలో కరిగి మూత్రపిండాల వడపోత దాటుతావు, పొడుగైతే ఒంట్లోనే చిక్కుకుంటావు. స్తోత్రాల్లో మూత్రపిండాల ఊసు రాదు. నీ స్తోత్రంలో రాక తప్పదు, ఎందుకంటే నిన్ను ఎంత పొడుగు నెయ్యాలో చెప్పేవి అవే.