తూము తెరిచేది, మట్టం చెప్పేది

చలికాలం పొద్దున శామీర్‌పేటలో రాజీవ్ రహదారి పక్కనున్న ఒక మెకానిక్ షెడ్డుకు వెళ్లాను. కారు ఎంత దూరం నడిపినా టెంపరేచర్ ముల్లు అడుగునే ఉంటోంది. "మీటర్ పాడైనట్టుంది" అన్నాను. మెకానిక్ మీటర్ జోలికే పోలేదు. రేడియేటర్ పై హోస్ ఊడదీసి, ఇంజన్ మీది చిన్న మూతకున్న రెండు బోల్టులు విప్పి, అరచేతిలో ఇమిడే లోహపు బిళ్లను బయటికి తీశాడు. దాని వాల్వు తెరుచుకుని అలాగే బిగుసుకుపోయింది. "మీటర్ మంచిగనే ఉంది సార్. అది చూపిస్తది, అంతే. పని చేసేది ఇది."

ఆ బిళ్లే థర్మోస్టాట్. కొత్తదాన్ని నా చేతికిచ్చాడు. గుండ్రటి అంచు, దాని చుట్టూ రబ్బరు రింగు. మధ్యలో పళ్లెం లాంటి వాల్వు, దాన్ని మూసి పట్టే స్ప్రింగు. స్ప్రింగు నడుమ చిన్న ఇత్తడి గిన్నె. అసలు పనితనమంతా ఆ గిన్నెలో ఉంది. దాన్నిండా మైనం, అందులోకి రబ్బరు తొడుగుతో దిగిన సన్నని స్టీలు కడ్డీ. ఇంజన్ వేడికి మైనం కరిగి ఉబ్బుతుంది, రబ్బరును నొక్కుతుంది, రబ్బరు కడ్డీని బయటికి తోస్తుంది. కడ్డీ పై కొస చట్రానికి ఆని ఉంటుంది కాబట్టి అది కదలదు. గిన్నే వెనక్కి జరిగి వాల్వును తనతో లాక్కుపోతుంది, రేడియేటర్‌కు దారి తెరుచుకుంటుంది. దీనికి తీగ లేదు, కరెంటు లేదు. 1930ల్లో సెర్జియస్ వెర్నే ఈ మైనం పద్ధతి కనిపెట్టక ముందు, ఆవిరయ్యే ద్రవం నింపిన మడతల రేకు డబ్బీ వాడేవారు. కూలెంట్ ఒత్తిడి పెరిగితే అది తడబడేది. మైనానికి ఆ బాధ లేదు.

అంచు మీద 82 అని అచ్చు ఉంది. బిగించే ముందు దాన్ని పరీక్షించిన తీరు చూస్తే ఇంకా ముచ్చటేసింది. వాల్వు సందులో నూలు పోగు ఇరికించి, ఆ పోగుతోనే నీళ్ల గిన్నెలో వేలాడదీశాడు, అడుగుకు తగలకుండా. పక్కన థర్మామీటర్, కింద స్టవ్. 82 దాటగానే వెంట్రుకంత సందు పడింది, పోగు జారి బిళ్ల టప్పున నీళ్లలో పడింది. శామీర్‌పేట సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది, ఇక్కడ నీళ్లు 98 డిగ్రీలకే మరుగుతాయి. ఈ పరీక్షకు ఆ వేడి చాలు.

అంచులో సన్నని రంధ్రం, అందులో వదులుగా ఆడే చిన్న పిన్ను కూడా ఉన్నాయి. కూలెంట్ పోసేటప్పుడు లోపలి గాలి అటుగా పోతుంది. అందుకే పిన్ను పై వైపు వచ్చేలా బిగించాడు.

ఇక ముల్లు సంగతి. ఇంజన్‌లో కూలెంట్ తగిలే చోట ఒక సెన్సర్ ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. ఆ మార్పును బట్టి ముల్లు కదులుతుంది. చాలా కార్లలో 80కీ 100కీ మధ్య ముల్లును కావాలనే నడిమధ్య నిలిపి ఉంచుతారు, చిన్న మార్పులకు డ్రైవరు బెదరకుండా. కూలెంట్ కారిపోయి సెన్సర్ ఖాళీ గాలిలో మిగిలితే, ఇంజన్ కాలిపోతున్నా ముల్లు తక్కువ చూపవచ్చు.

మన చెరువుల దగ్గర నీరటి తూము తెరుస్తాడు. మట్టం చెప్పే గీతలు వేరే ఉంటాయి. గీతలు ఎంత చెప్పినా చుక్క నీరు వదలవు, నీరటి గీతల పని చేయడు. థర్మోస్టాట్ నీరటి, ముల్లు గీత.

"ఎండాకాలం ఇది వద్దు, తీసేద్దాం" అనే మాట మన దగ్గర తరచూ వినబడుతుంది. అది తప్పు. థర్మోస్టాట్ లేని ఇంజన్ వేడెక్కడం ఆలస్యమై పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, లోపల త్వరగా అరుగుతుంది. కొన్ని ఇంజన్లలో బైపాస్ దారిని మూసేది కూడా ఈ బిళ్లే. దాన్ని తీసేస్తే వేడి నీళ్లలో కొంత రేడియేటర్‌కు పోకుండానే తిరిగి ఇంజన్‌లోకి వస్తాయి.

పావుగంట నడిపినా మీ ముల్లు లేవకపోతే, మీటర్ మార్చమనే ముందు థర్మోస్టాట్ విప్పి చూడమనండి.