హుర్బినెక్ పలికిన మాట

నాజీ క్యాంపుల నుంచి బతికి బయటపడినవాళ్ళ పుస్తకాల మీద రాసేవాళ్ళు చివరికి ఒకే వాక్యం దగ్గర తేలుతుంటారు: అంత క్రూరత్వంలోనూ ఆశ చావలేదు అని. ప్రైమో లెవీని చదివాక ఆ వాక్యం రాయడానికి నాకు చెయ్యి రాలేదు. ఆశ లేదని కాదు. దాన్ని అంత తేలిగ్గా చేతిలో పెట్టే మనిషి కాడు లెవీ.

ఆయన ఇటలీలోని టురిన్‌కు చెందిన యూదుడు, కెమిస్ట్రీ చదివినవాడు. 1944 ఫిబ్రవరిలో రైలు పెట్టెల్లో కుక్కి ఆష్‌విట్జ్‌కు తీసుకుపోయారు. చేతి మీద 174517 అని పొడిచారు. చచ్చాక మన వెంట వచ్చేది పచ్చబొట్టు ఒక్కటే అంటారు మన అవ్వలు. అక్కడ బతికుండగానే పేరు తీసేసింది ఆ పచ్చబొట్టే.

లెవీ రాసిన క్రూరత్వంలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది దెబ్బలు కాదు, భాష. ఆజ్ఞలన్నీ జర్మన్‌లో. అర్థం కాక నిలబడితే దెబ్బ. మౌట్‌హౌజెన్ క్యాంపులో రబ్బరు లాఠీకి ‘దుబాసీ’ అని పేరట. జర్మన్ రాని ఇటలీవాళ్ళు చాలామంది మొదటి పది పదిహేను రోజుల్లోనే చనిపోయారని 1986లో వచ్చిన పుస్తకంలో ఆయన రాశాడు. తను మాత్రం తోటి ఖైదీకి రొట్టె ఇచ్చి నాలుగు జర్మన్ మాటలు నేర్చుకున్నాడు. ఆకలితో చచ్చే చోట రొట్టెకు బదులు మాటలు కొనుక్కోవడం! తెలుగు రాకుండా బడిలో అడుగుపెట్టిన మనకు ఈ పేజీలు తగులుతాయి. అయితే మన బెంచీని ఆ బరాకుతో పోల్చడం తప్పు, నేను పోల్చను.

లొరెంజో అనే తాపీమేస్త్రీ ఆరు నెలలు రోజూ తన తిండిలో మిగిల్చి లెవీకి ఇచ్చాడు, ఏమీ ఆశించలేదు. ఆశ అంటే ఇదే కదా అనుకుంటాం. కానీ యుద్ధం అయ్యాక లొరెంజో ఇంటికి చేరి, చూసినవాటిని మోయలేక తాగుడులో పడి చనిపోయాడు. లెవీ అదీ దాచలేదు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే.

లెవీకి చదువుంది, రాసే భాష ఉంది. విడుదలైన రెండేళ్ళకే, 1947లో పుస్తకం తెచ్చాడు. బిర్కెనౌలోని రోమా కుటుంబాల క్యాంపులో మిగిలినవాళ్ళను, దాదాపు 4,300 మందిని, 1944 ఆగస్టు 2 రాత్రి గ్యాస్‌తో చంపారు. రోమా జాతిపై జరిగింది జాతిహననమని పశ్చిమ జర్మనీ ఒప్పుకున్నది 1982లో. చిన్నతనంలో ఆ క్యాంపులు చూసిన రోమా స్త్రీ చేయా స్తోయ్‌కా పుస్తకం 1988లో గానీ రాలేదు. సర్వైవర్ సాహిత్యం అన్నప్పుడు ఈ నలభై ఏళ్ళ ఆలస్యాన్ని కూడా చదవాలి.

‘ది ట్రూస్’లో హుర్బినెక్ అనే పిల్లవాడున్నాడు. మూడేళ్ళుంటాయేమో. నడుము కింద చచ్చుబడింది, మాట రాదు. ఆ పేరు కూడా పక్కవాళ్ళు పెట్టిందే. చిట్టి చేతి మీద అంకె మాత్రం ఉంది. హెనెక్ అనే పదిహేనేళ్ళ హంగేరీ కుర్రాడు పక్కన కూర్చుని తినిపించేవాడు, కడిగేవాడు, తన భాషలో ఓపిగ్గా మాట్లాడేవాడు. వారం తర్వాత, వీడు ఒక మాట అంటున్నాడని అందరికీ చెప్పాడు. యూరప్ భాషలన్నీ తెలిసినవాళ్ళు ఆ గదిలో ఉన్నారు. రాత్రిళ్ళు చెవులు రిక్కించి విన్నారు. ఎవరికీ అర్థం కాలేదు.

1945 మార్చి మొదటి రోజుల్లో పిల్లవాడు చనిపోయాడు. ఆ మాట ఏ భాషదో ఎవరికీ తెలియలేదు.