దుష్టపాత్ర వెనుక యజమాని

అమెరికా వృత్తి కుస్తీని బూటకమని కొట్టిపారేయడం తేలిక. గెలుపోటములు ముందే నిర్ణయమైన ఆటలో విమర్శకుడికి పనేమిటని కొందరు మిత్రులు అడుగుతారు. ముందే నిర్ణయమైంది గనకే అది నాటకం. నాటకం గనకే దానికొక భావజాలం ఉంటుందని నా వాదన. 'ది షేక్' అనే దుష్టపాత్ర చరిత్రే ఇందుకు సాక్ష్యం.

1948లో ఏర్పడిన నేషనల్ రెజ్లింగ్ అలయెన్స్ ద్వారా కుస్తీ నిర్వాహకులు దేశాన్ని ప్రాంతాలుగా పంచుకున్నారు. ఒకరి ప్రాంతంలోకి మరొకరు రాకూడదు. వారిని కాదన్న మల్లయోధుడికి పని దొరకడం కష్టం. గుత్తవ్యాపార నిరోధక చట్టం కింద ప్రభుత్వం కేసు పెడితే, 1956లో ఈ పద్ధతులు మానుకుంటామని కోర్టులో ఒప్పందం చేసుకున్నారు. అయినా పంపకం 1980ల దాకా సాగింది.

ఎడ్వర్డ్ ఫర్హాత్ ఎదిగింది ఈ ఏర్పాటులోనే. అతడు 1926లో మిషిగన్ రాష్ట్రం లాన్సింగ్‌లో, లెబనాన్ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టాడు. అమెరికా సైన్యంలో పనిచేశాడు. బరిలో మాత్రం సిరియా ఎడారి నుంచి దిగిన షేక్. తలపాగా, తివాచీ పరిచి ప్రార్థన, ఇంగ్లీషు రానట్టు మౌనం. ఆపైన దాచిన పెన్సిలుతో పొడవడం, ముఖం మీదికి నిప్పు విసరడం. పుట్టిన గడ్డ మీదే పరాయివాడిగా నటించి బతికాడు.

ఇంతటితో ఆగితే అతడు జాతివివక్షకు బలిపశువు మాత్రమే. కాని 1964లో డెట్రాయిట్ కుస్తీ వ్యాపారాన్ని అతడే కొన్నాడు. కోబో అరీనాలో అతని ప్రధాన ప్రత్యర్థి నల్లజాతి యోధుడు బోబో బ్రెజిల్. 1967 తిరుగుబాటు చూసిన ఆ కార్మిక నగరంలో నల్లజాతి వీరుడికి మోగిన చప్పట్లలోని ఆత్మగౌరవం నిజమైనదే. అయితే ఆ ఆగ్రహం ఎవరి మీదికి మళ్లింది? పక్కనే డియర్‌బోర్న్‌లో ఫోర్డ్ కర్మాగారంలో చెమటోడ్చే అరబ్బు కార్మికుడి రూపం మీదికి. టికెట్ల డబ్బు చేరింది ఆ రూపాన్ని తొడుక్కున్న యజమానికి.

1980లో డెట్రాయిట్ వ్యాపారం మూతపడింది. 2003లో ఫర్హాత్ చనిపోయాడు. వేషం మాత్రం ముందే చేతులు మారింది. 1984లో హల్క్ హోగన్ చేతిలో ఓడిన ఐరన్ షేక్ ఇరాన్‌లో పుట్టినవాడు. ఆ మూసే ఈసారి దేశమంతటా అమ్ముడుపోయింది.

దుర్మార్గుణ్ణి పాఠకుడు అసహ్యించుకునేలా రాయడం రచయితకు కష్టం కాదు. ఆ అసహ్యం దుర్మార్గాన్ని పోషించే ఏర్పాటు దాకా పోతుందా, ఒక యాస దగ్గరో మతం దగ్గరో ఆగిపోతుందా అన్నదే ప్రశ్న. అక్కడ ఆగిపోయిన రచనలో పాత్ర ఎంత సజీవంగా ఉన్నా, లాభం యజమానిదే.